తోడు బురద

ఇంటిపేరు గేదెల, ఒంటిపేరు సన్యాసిరావు. ఇంట్లో గేదె లేదు, ఒంట్లో సన్యాసం లేదు. పెళ్లి మాత్రం కాలేదు, అంతే. గెడ్డపాలెం మురుగునీటి శుద్ధి కేంద్రానికి ఇంజనీరు. ఊళ్లో ప్రతి స్నానాలగదీ, ప్రతి మరుగుదొడ్డీ, ప్రతి వంటింటి తూమూ చివరికి ఎక్కడికి చేరతాయో అక్కడ అతని ఆఫీసు. పెద్దగెడ్డ అనే వాగు సముద్రంలో కలవబోయే చోట, చివరి మలుపులో ఉంటుంది. మురుగుని మెరుగు చెయ్యడం అతని పని. ఏదో సభలో "తమరి బిరుదులేమిటండీ?" అని అడిగితే, మైకు అక్కర్లేని గొంతుతో "బురదే నా బిరుదు!" అని అరిచిన మనిషి. చూడ్డానికి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటే, "తియ్యండి బాబూ చెయ్యి! మీరు పంపిన సరుకే. మేం డెలివరీ తీసుకున్నాం, అంతే" అనేవాడు.

జోకులు ఇప్పటికీ వేస్తాడు. నోరు అలవాటుపడిపోయింది. కొళాయి కట్టెయ్యడం మరిచిపోయి ఊరెళ్లిన ఇంట్లో నీళ్లు పోతుంటాయే, అలా పోతుంటాయి మాటలు. వినేవాళ్లు నవ్వుతారు. అతనికి ఆ నవ్వు గోడకి అవతల ఎవరో నవ్వినట్టు వినబడుతుంది.

పొద్దున్నే సత్యవేణి వచ్చింది. అతని తమ్ముడి భార్య. అంగన్‌వాడీకి వెళ్తూ దారిలో ఆగుతుంది, రోజూ. చెప్పులు గుమ్మం బయట విడిచి, గుళ్లోకి వచ్చినట్టు లోపలికి వస్తుంది.

"ఉన్నాడా బావగారూ?"

సన్యాసిరావు గోడమీది తెరకేసి చూశాడు. సన్నసన్నటి రంగుగీతలు, చీర అంచులాగా. కుడిచివర నాలుగు గీతలు విడిగా ఉన్నాయి. అందులో మూడోది పసుపుపచ్చగా వెలుగుతోంది.

"ఉన్నాడమ్మా."

"సరే" అని వెళ్లిపోయింది. ఆఫీసరు సీట్లో ఉన్నాడో లేడో కనుక్కుని పోయినట్టు.

మూడో గీత దేముడిది. గేదెల దేముడు, సన్యాసిరావు తమ్ముడు. అదే కేంద్రంలో ఆపరేటరు. ఆషాఢంలో ఒక సాయంత్రం ఆకాశం చిల్లుపడ్డట్టు వాన కురిసి, గెడ్డ పొంగి, మురుగు వచ్చే కాలవ నోటి దగ్గర ఇనుప జల్లెడకి ప్లాస్టిక్ చెత్త అడ్డంపడింది. వెనక పేటలో ఇళ్లలోకి నీళ్లు ఎదురెక్కుతున్నాయి. దేముడు నడుముకి తాడు కట్టుకుని దిగాడు. చెత్త తీశాడు, పేట మునగలేదు. తాడు మాత్రం ఖాళీగా పైకొచ్చింది. జాలరిపేట వాళ్లు పడవలేసుకుని వెతికారు. సముద్రం మింగినదాన్ని మూడోరోజుకి ఒడ్డుకు తెచ్చి పడేస్తుందని వాళ్లంటారు. తేలేదు. పైగా బస్టాండులో చూశానని ఒకడు, రైతుబజారులో చూశానని ఇంకొకడు. నీళ్లు తలకెక్కి మతి పోయుంటుంది, ఎక్కడో తిరుగుతూ ఉంటాడు అని అందరూ.

అందరి మాటా అటుంచండి. తెరమీద గీత వెలుగుతోంది కదా!

ఆ తెర వెనక కథ చెప్పాలి. కేంద్రంలో పెద్ద సిమెంటు తొట్టి ఉంది. అడుగునుంచి రాత్రింబవళ్లు గాలి బుడగలు కొడతారు. ఆ గాలి పీల్చుకుని, మురుగులో మురికిని మేసి బతికే సూక్ష్మజీవులు అందులో కోటానుకోట్లు. తిని బలిసి, పక్క తొట్టిలో అడుగుకి చేరి బురదగా కూర్చుంటాయి. పైన తేరిన నీరు గెడ్డలోకి పోతుంది. అడుగు బురదలో కొంత బయట పారేసి, కొంత మళ్లీ మొదటి తొట్టిలోకి పంపుతారు. పాలలో చెంచాడు పాతపెరుగు వేసినట్టే. గెడ్డపాలెంలో దాన్ని తోడు బురద అంటారు. ఎక్కడైనా కొత్త కేంద్రం కట్టినా, ఉన్నచోట బురద చచ్చిపోయినా, పక్క ఊరినుంచి ట్యాంకరుతో తోడు తెచ్చుకోవడం ఆ శాఖలో ఆనవాయితీ. చిన్న గిన్నె బదులు పెద్ద ట్యాంకరు, అంతే తేడా.

ఆ బురదకి సన్యాసిరావు చదువు చెప్పాడు. ఏ ఇద్దరి కడుపులోనూ ఒకే రకం క్రిములుండవు. వేలిముద్రలాగా ఎవరి కలగూర వారిది. మురుగులో కొట్టుకొచ్చే ఆ కలగూరని గుర్తుపట్టి, గుర్తుని తన ఒంట్లో రాసుకునే జీవిని తయారుచేశాడు. తొట్టిలో ముంచిన గొట్టం ఆ రాతని చదివి తెరమీద గీతలుగా చూపిస్తుంది. పేరు పసిగట్టు. ఊరికి వీధికొక గీత. ఏ వీధిలో విరేచనాలు మొదలైనా ఆస్పత్రికంటే ముందు ఈ తెరకి తెలుస్తుంది. రెండేళ్లలో మూడుసార్లు కలరాని గుమ్మంలోనే ఆపింది. పసిపిల్లలు బతికారు. అందుకే చుట్టుపక్కల కేంద్రాలన్నీ పసిగట్టుని పెట్టుకున్నాయి.

యంత్రం సరిగ్గా చదువుతోందో లేదో తెలియాలంటే తెలిసినవాళ్ల గుర్తులు కావాలి. అందుకని సన్యాసిరావు ఇంటికి మాత్రం మనిషికొక గీత: అతనిది, అమ్మది, దేముడిది, సత్యవేణిది. మొట్టమొదటి నమూనా ఇచ్చింది దేముడే. డబ్బా చేతికిచ్చి, "శాస్త్రం కోసం ప్రాణమైనా ఇస్తానన్నావు కదరా, ముందు ఇది ఇయ్యి" అన్నాడు అన్న. తమ్ముడు మర్నాడు డబ్బా తెచ్చి రెండుచేతులా అందించి, "దేముడి ప్రసాదం అన్నా. కళ్లకద్దుకో" అన్నాడు. ఆ రోజు ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

పాత బురద పారేస్తూ ఉంటారు గనక, మనిషి ఊరువిడిస్తే పదిరోజుల్లో గుర్తు కూడా వెళ్లిపోతుంది. సత్యవేణి పుట్టింటికెళ్లిన ప్రతిసారీ నాలుగో గీత ఆరి, తిరిగొచ్చాక వెలిగింది. రైల్వే క్వార్టర్లు ఖాళీ చేయిస్తే ఆ వీధి గీతా ఆరింది. దేముడిది ఆరలేదు. ఆషాఢం వెళ్లి, శ్రావణం వెళ్లి, దసరా కూడా వెళ్లింది. అంటే ఊళ్లో ఎక్కడో ఓ ఇంట్లో తింటున్నాడు, తిరుగుతున్నాడు. ఏ ఇల్లో యంత్రం చెప్పలేదు. అన్ని వీధుల నీళ్లూ తొట్టిలో కలిసిపోతాయి.

దాంతో ఇంట్లో దినం పెట్టలేదు, ఫొటోకి దండ వెయ్యలేదు. సత్యవేణి మెట్టెలు తియ్యలేదు, తల్లో పువ్వూ పెట్టలేదు. ఊరందరి నీళ్లూ గెడ్డలోకి వదిలేవాడు తమ్ముడికి నీళ్లు వదల్లేకపోయాడు.

*

ఒకరోజు సత్యవేణి "ఉన్నాడమ్మా" విన్నాక వెళ్లలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నిన్న అత్తయ్య ఏం చేసిందో తెలుసా మీకు?"

"ఏం చేసింది?"

"కోటవీధిలో ఎవరింట్లోకో వెళ్లిపోయి మరుగుదొడ్డి తలుపు తట్టిందంట. 'చిన్నోడా, నాను అమ్మనిరా, బయటికి రా' అని. లోపల ఎవరో పెద్దాయన. పాపం ఆయన 'వస్తున్నానమ్మా' అన్నాడంట. ఆ ఇంటివాళ్లు నాకు ఫోన్ చేసి, మీ అత్తగారిని తీసుకెళ్లండమ్మా, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాం అన్నారు."

మూలన పంపు నూనె చూస్తున్న కూర్మారావు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. అతనూ ఆపరేటరే, దేముడి జతగాడు. బయటికెళ్లినవాడు చాలాసేపు లోపలికి రాలేదు.

"బావగారూ, ఊళ్లోనే ఉండి ఇంటికి రాని మనిషిని ఏం చెయ్యాలి?"

నీళ్ల శాఖలో ఉద్యోగం, నీళ్లు నమలడం వచ్చినపనే. సన్యాసిరావు నమిలాడు.

"పోయాడంటే ఏడుస్తాను" అంది సత్యవేణి. గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. "వదిలేసి పోయాడంటే తిడతాను. ఈ 'ఉన్నాడు' అన్నమాటతో ఏం చెయ్యాలో తెలీట్లేదు. అన్నం తింటున్నాను, ఉప్పుందో లేదో తెలీదు. పిల్లలకి పాట చెబుతున్నాను, పాడేది నేనేనా అనిపిస్తుంది. ఏదో ఒకటి తేల్చండి. మీ యంత్రమే కదా."

తేల్చడం, ముంచడం, రెండూ మావాళ్ల పనేనమ్మా అనబోయాడు. నోటిదాకా వచ్చింది గానీ వెనక్కి పోయింది.

"ఒక్కటే దారుంది" అన్నాడు. "ఆ పసిగట్టు జీవుల్ని మొట్టమొదట పెంచింది వీడి నమూనామీదే. మొదటి ముద్ద వీడిది. తల్లి తిన్నది పిల్లకి పట్టినట్టు, వీడి గుర్తు తరతరాలుగా వాటికి అలాగే ఉండిపోయిందేమోనని నాకొక అనుమానం."

"ఎప్పటినుంచి అనుమానం?"

అతను చొక్కా అంచుతో తెర తుడిచాడు. ఆమె రెట్టించలేదు.

"తొట్టి మొత్తం ఖాళీ చేసి, కడిగేసి, వేరే చోటునుంచి తోడు తెచ్చి వెయ్యాలి. అప్పుడు మూడో గీత వెలిగితే వాడు ఊళ్లో ఉన్నట్టు. వెలక్కపోతే..."

"అర్థమైంది. ఎప్పుడు?"

*

కమిషనరుగారికి గాలిగొట్టాల మరమ్మతు అని చెప్పారు. అబద్ధం కాదు, ఆ గొట్టాలు ఏడాదినుంచీ మరమ్మతు అడుగుతూనే ఉన్నాయి. ఊరి మురుగుని పక్కనున్న పాత మడుగులోకి మళ్లించి తొట్టి తోడేశారు. ఎప్పుడూ కుతకుతలాడే తొట్టి మొదటిసారి నోరు మూసుకుంది. అడుగున పిల్లల బొమ్మలు, చెంచాలు, ఒక కట్టుడుపళ్ల సెట్టు దొరికాయి. నిరుడు పడేసుకుని వారంరోజులు దేముడు తిట్టుకున్న పెద్ద పానా కూడా దొరికింది. సన్యాసిరావు దాన్ని కడిగి, తుడిచి, గోడమీద దాని మేకుకి తగిలించాడు. తగిలించాక ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు నిలబడ్డాడు. ఏమీ అనిపించలేదు. చేతులు కడుక్కున్నాడు.

తోడు ఎక్కడినుంచి తేవాలో జాగ్రత్తగానే చూశాడు. పక్కనున్న మామిడివలస కేంద్రం పనికిరాదు, అది మొదలైందే గెడ్డపాలెం బురదతో. దూరంగా కొండలవైపు నీలంవలస ఉంది. అక్కడికి పసిగట్టు జీవులు హైదరాబాదు ల్యాబులో విడిగా పెంచి, పాకెట్లలో పంపించారు. వాటికి దేముడెవరో తెలీదు. నీలంవలస ఇంజనీరు మజ్జి లింగరాజు ఫోన్లోనే పొంగిపోయాడు.

"మీరడిగితే కాదంటానా గురువుగారూ? మంచి చిక్కటిది పంపిస్తాను. గరిట పెడితే నిలబడాల!"

ట్యాంకరొచ్చింది. బెల్లంపాకం రంగు, వానకి తడిసిన మట్టి వాసన. ఆరోగ్యమైన బురద. తొట్టిలో వదిలి గాలి కొట్టారు. రెండోరోజు పొద్దున్న కూర్మారావు కేక పెట్టాడు.

"సార్! ఒచ్చీసాడు సార్!"

తెరంతా చీకటి. నీలంవలస వాళ్ల గుర్తులు తెలీవు గనక చూపించదు, గెడ్డపాలెం వీధులు ఇంకా ఎక్కలేదు. ఆ చీకట్లో ఒకే ఒక్క గీత, పసుపుపచ్చటిది.

కూర్మారావు గెంతులేశాడు. సన్యాసిరావు గేటు బయటికొచ్చి, "దేముడున్నాడ్రా!" అని గెడ్డ అవతలికి వినబడేలా అరిచాడు. అటు సైకిలుమీద పోతున్నాయన భక్తిగా దణ్ణం పెట్టి వెళ్లాడు. సత్యవేణి వచ్చి చూసింది. తెరమీద ఆ గీతని వేలితో తాకింది. సాయంత్రం ఆమె తల్లో మూర చేమంతులున్నాయి. అమ్మ పైడమ్మ పరమాన్నం వండి వీధంతా పంచింది.

అందరికంటే ముందు వాడి గీత ఎందుకొచ్చింది? ఇంట్లోనే ఉన్న తన గీత, అమ్మ గీత ఇంకా రాలేదే? ఈ ప్రశ్న సన్యాసిరావుకి ఆరోజే వచ్చింది. పరమాన్నం నోట్లో ఉండగా వచ్చింది. మింగేశాడు.

*

పైడమ్మ సంగతి చెప్పలేదు కదూ. అన్నదమ్ములిద్దరి తల్లి. ఆ వీధిలో ఎవరింట్లో తోడు చెడినా గిన్నె పట్టుకుని ఆవిడ గుమ్మంలోకే వస్తారు. ఆవిడ పెరుగు అంత పేరున్నది. కాపురానికొచ్చేటప్పుడు పుట్టింటినుంచి చిన్న ముంతలో తెచ్చుకున్న తోడంట, ఆరోజునుంచీ తెగకుండా నడుస్తోంది. "గేదెల్లేని గేదెలోరింట్లో ఈ పెరుగెక్కడిదే అమ్మా" అని దేముడు రోజూ వేళాకోళం చేసేవాడు, రోజూ గిన్నె నాకేవాడు.

గీత తిరిగొచ్చిన ఉత్సాహంలో పైడమ్మ నాలుగురోజులు ఊరంతా తిరిగింది, చుట్టాలిళ్లకీ వెళ్లింది. వచ్చేసరికి ముంతలో పెరుగు బూజుపట్టింది. కడిగేసి, మూడిళ్ల అవతల పంతులమ్మగారింట్లో తోడు అడిగి తెచ్చి పాలలో వేసింది.

మర్నాడు మధ్యాహ్నం పెద్దకొడుక్కి అన్నంలో వడ్డించి, తనూ వేలితో నాకి చూసింది. ముఖం విచ్చుకుంది.

"పెద్దోడా, తిని సూడు. ఎలగుంది?"

"బాగుందమ్మా. ఎప్పటిలాగే ఉంది."

"ఎప్పట్నాగే ఉంటాదిరా మరి! పంతులమ్మ మాయింటిదే అనుకుంటాంది. ఆవిడ తెచ్చుకున్నాది బియ్యంకొట్టోళ్ల కాడ. ఆలకిచ్చినాది నానే, ఆలమ్మాయి పురిటికొచ్చినప్పుడు. సూసినావా? మన తోడు ఎన్నిళ్లు తిరిగినా మనింటికే ఒచ్చీసినాది. ఒస్తాదిరా. మనదైతే మనకాడికి ఒస్తాది." ఇంకో గరిటెడు వేసింది. "నా చిన్నోడూ అంతే. ఏ ఇల్లు తిరుగుతున్నాడో."

సన్యాసిరావు చెయ్యి కంచంలో ఆగిపోయింది. అమ్మ ఆ మాటతో నవ్వుతోంది. అన్నం వదిలేస్తే అడుగుతుందని, మొత్తం కలుపుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని, పెరట్లోకి వెళ్లి నీలంవలసకి ఫోన్ చేశాడు.

"లింగరాజూ, మీ బురద ఎక్కడిది?"

"అదేం ప్రశ్న గురువుగారూ! మా ఊరిదే."

"మొదటి తోడు. హైదరాబాదు పాకెట్టే వేశారా?"

"వేశామండీ. వేస్తే... తోడుకోలేదు. చలికాలం కదా. నీళ్లు నీళ్లుగా ఉండిపోయింది. అవతల ప్రారంభోత్సవానికి మంత్రిగారొస్తున్నారు. అందుకని పక్కవాళ్లని అడిగి ఒక ట్యాంకరు..."

"ఎవరిని?"

"మామిడివలస వాళ్లనండీ."

సన్యాసిరావు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"పై వాళ్లకి పాకెట్టే అని రాశాం. అందరూ అంతే కదండీ, ఎవరు రాస్తారు చెప్పండి! అయినా బురదకి ఇంటిపేరేంటి గురువుగారూ?"

ఇంటిపేరుంది లింగరాజూ, గేదెల, అనుకున్నాడు సన్యాసిరావు. పైకి అనలేదు. "ఆ పాకెట్లు ఇంకా ఉన్నాయా?"

"ఒకటి విప్పలేదండీ. ఫ్రిజ్‌లో ఉంది. దాని పక్కనే మావాళ్లు అల్లప్పచ్చడి పెట్టుకుంటారు, మూత గట్టిదేలెండి."

"పంపించు. పచ్చడి కాదు."

అది అతను వేసిన చివరి జోకు. వేసినట్టు అతనికి తెలియలేదు.

*

సత్యవేణికి మర్నాడు తెరముందే చెప్పాడు. తోడు ఎలా ఊరూరూ తిరిగి తిరిగి ఇంటికొచ్చిందో మొత్తం చెప్పాడు. ఆమె వింటూ తెరనే చూసింది.

"అంటే ఈ గీతకి అర్థం లేదు."

"లేదమ్మా. ఉన్నాడనీ కాదు, లేడనీ కాదు. మళ్లీ చెయ్యాలి. ఈసారి ఏ ఊరి బురదా వద్దు. పేడతో మొదలుపెడతాను."

ఆమె చెయ్యి తల్లో చేమంతుల మీదికి వెళ్లింది. "ఇవి తియ్యనా బావగారూ, ఉంచనా?"

"తెలీదమ్మా."

చెయ్యి కిందికి దించింది. పువ్వులు అలాగే ఉంచుకుని అంగన్‌వాడీకి వెళ్లింది. మర్నాడు పెట్టుకోలేదు.

మళ్లీ తొట్టి తోడారు. ఈసారి గోడలు సున్నంతో కడిగారు. గోశాలనుంచి పేడ తెప్పించి, నీళ్లలో కలిపి, గుడ్డల్లో వడకట్టి తొట్టిలో పోశారు. హైదరాబాదు పాకెట్ విప్పి కలిపారు. కూర్మారావు కళ్లాపి జల్లినట్టు చేత్తో జల్లుతూ, "ఇంత సైన్సూ తిరిగి తిరిగి పేడకాడికి ఒచ్చీసినాది సార్" అన్నాడు, ఇంజనీరుగారు ఏదో ఒకటి అంటారని. ఆయన ఏమీ అనలేదు. కూర్మారావుకి అప్పుడు భయమేసింది.

పేడతోడు నిదానం. తొట్టిమీద తెల్లటి నురగ కొండలాగా లేచి గట్టుమీదికి పొర్లింది. తేరవలసిన నీళ్లు తేరలేదు. గెడ్డ కంపు ఊళ్లోకి పాకింది. కమిషనరుగారు ఫోన్లో కేకలేశారు. పేపర్లో వేశారు. సన్యాసిరావు రోజూ గాజుగొట్టంలో బురద పట్టి, కిటికీలో పెట్టి, అది ఎలా కూర్చుంటోందో చూసేవాడు. మొదట చెదిరిన మజ్జిగలా ఉండేది. తర్వాత నూకల జావలా. తర్వాత ఒకరోజు బురద బుద్ధిగా అడుక్కి దిగి, పైన నీళ్లు తేటపడ్డాయి.

తెరమీద ఊరు ఒక్కొక్క వీధిగా వెలిగింది. జాలరిపేట, కోటవీధి, బస్టాండు సందు. కుడిచివర మొదటి గీత వచ్చింది, అతనిది. తర్వాత అమ్మది. తర్వాత నాలుగోది, సత్యవేణిది. రెండోదానికీ నాలుగోదానికీ మధ్య వేలెడంత నలుపు.

సత్యవేణి రోజూ వచ్చేది, అడిగేది కాదు. చెప్పులు విడిచి, లోపలికొచ్చి, ఆ నలుపుని చూసి వెళ్లిపోయేది. ఇంకా నిదానంగా వస్తుందేమోనని సన్యాసిరావు ఆగాడు. ఊళ్లోకి కొత్తగా దిగిన చెరుకు కూలీల గుడిసెలకి కూడా గీత వచ్చింది. ఆ నలుపు నలుపుగానే ఉంది.

చివరికి ఒకనాడు ఆమె అడిగింది.

"ఉన్నాడా బావగారూ?"

ఇన్నేళ్లు ఇన్ని మాటల్ని తిరగేసి, బోర్లేసి, తోలు వలిచి ఆడుకున్న మనిషి. ఒక్కమాట వెతుక్కోవలసి వచ్చింది. అది చాలా చిన్నమాట.

"లేడమ్మా."

సత్యవేణి తల ఊపింది. తెరకేసి ఇంకోసారి చూసింది. "నా పక్కనే ఖాళీ" అంది. గుమ్మం బయట చెప్పులేసుకుంటూ ఒక కాలిది ఇంకో కాలికి తొడుక్కుని, మళ్లీ మార్చుకుని వెళ్లింది. అంగన్‌వాడీ వైపు కాదు, ఇంటివైపు.

*

సన్యాసిరావు ఇల్లు చేరేసరికి అమ్మకి ఎలా చెప్పాలో మూడురకాలుగా అనుకున్నాడు. ఒక్కటీ అక్కర్లేకపోయింది. సత్యవేణి అరుగుమీద కూర్చుని ఉంది, కాళ్లకి మెట్టెల్లేవు. పైడమ్మ పెరట్లో ఉంది. పెరుగుముంత అరటిపాదులో బోర్లించింది. గడ్డపెరుగు జారకుండా పట్టుకుంటే వేళ్లుపెట్టి గీకి మరీ పడేసింది. పాలగిన్నె, నేతిగిన్నె అన్నీ బోర్లించి ఉన్నాయి.

"మైల పెరుగు ఉంచకూడదురా" అంది, కొడుకు వైపు తిరక్కుండా. "మా అత్త పోయినప్పుడు నాకు తెలీక ఉంచీసినాను, తిట్టినారు."

ముంత తోమింది. కడిగింది. ఎండలో పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుని, స్టీలుగ్లాసు ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఎల్లి తోడు పట్రా. మైలెల్లినాక కొత్త ముంతలో వేసుకుందాం. మనది కాకుండా సూడు పెద్దోడా. మన తోడు ఒద్దింక."

గ్లాసు పట్టుకుని వీధిలోకి వెళ్లాడు. వీధి అన్నిరోజుల్లాగే ఉంది. పంతులమ్మగారింట్లో అడగక్కర్లేదు, తెలుసు. బియ్యంకొట్టు వాళ్లూ తెలుసు. ఎదురింట్లో అడిగాడు. "మీ అమ్మగారిచ్చిందేనండీ, ఇల్లు మారినప్పుడు." మేడమీద అద్దెకున్న పోలీసాయన భార్య, "మాది రాజస్థాన్, మీ అమ్మే తోడు ఇచ్చారు మాకు" అంది, వచ్చీరాని తెలుగులో. ఇస్త్రీ బండాయన ఇంట్లో, టైలరింట్లో, చివరింట్లో, పక్క సందులో. ఎవరూ గ్లాసు ఎందుకని అడగలేదు. అందరూ ఒకే మాట చెప్పారు, కొందరు నవ్వుతూ, అతని ముఖం చూశాక నవ్వు ఆపేసి.

వెనక్కి వచ్చేసరికి పైడమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. గ్లాసులోకి తొంగిచూసింది.

"దొరకనేదా?"

"లేదమ్మా."

"అంతా మనదేనా?"

"అంతా మనదేనమ్మా."

పైడమ్మ గ్లాసు తీసుకుంది. తలకిందులు చేసి చూసింది, ఏమైనా రాలుతుందేమో అన్నట్టు. తర్వాత గుమ్మాన్ని పట్టుకుని మెల్లగా కిందికి కూర్చుంది. నోరు తెరిచింది. ఇన్ని నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ పెట్టని కేక ఒకటి పెట్టింది. అరుగుమీద సత్యవేణి లేచింది. వీధిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి.